మణెమ్మక్క సోడా గ్యాసు

మణెమ్మక్క గోలీసోడా తాగనోడు గద్వాలల ఉన్నడంటే వాడు అసలు గద్వాలోడే కాడు. మా పక్కిల్లే ఆమెది. ఇంట్లనే సోడా మిషను. సీసాల నీళ్లు పోసి, గ్యాసు వదిలి గిరగిర తిప్పితే గోలీ వచ్చి మూతికి టక్కున తగులుతది. గ్యాసు అయిపోతే ఇనుప బుడ్డి, అదే సిలిండరు, తీస్కొని కర్నూలు పోవాలె. బస్సోళ్లు ఎక్కనియ్యరు. మిర్చి లారీ ఆయనను బతిమాలి, బుడ్డి పక్కనే కూసొని పోయి నింపిచ్చుకొస్తది. తూకం గూడ ఆమే చూస్తది, ఎవ్వర్ని నమ్మదు.

మా వాడోళ్లకు ఆ బుడ్డంటే హడల్. అది పేలితే వాడంత లేస్తదని నేను గూడ ఆమెతోని కొట్లాడిన. ఆమె నవ్వేది. "ఓసి పిచ్చిదాన, ఇది పొయ్యి గ్యాసు గాదే" అనేది. ఎవరు నమ్ముతరు? గ్యాసంటే గ్యాసే గద!

రెండువేల నాలుగు ఎండకాలం. మా మగ్గం మీద జరీ కొంగు పెండ్లి చీర ఉండె. పగటిపూట కరెంటు పోయింది, ఇంట్ల చీకటి. మా ఆయన నాగేశ్ మగ్గం గుంత అంచున కిరసనాయిలు దీపం పెట్టుకొని, కాళ్లు గుంతల పెట్టి నేస్తుండు. మోకాలు తగిలి దీపం లోపల పడ్డది. అడుగున నూలు పోగులు, పాత గుడ్డలు. భగ్గుమన్నది! ఆయన పైకి దుంకిండు, నేను లబలబ మొత్తుకున్న.

మణెమ్మక్క బుడ్డిని దొర్లించుకుంట వచ్చింది. ముందు దినమే నింపిచ్చుకొచ్చింది. "అయ్యో గ్యాసు! పేలుతది!" అని ఆర్ప వచ్చినోళ్లంత చెప్పులిడిసి ఉరికిన్రు. నేను గోడకు అతుక్కపోయిన. ఆమె ఎవ్వర్ని చూడలే. బుడ్డిని పండబెట్టి, అడుగు కింద ఇటుక పెట్టి, మూతి గుంత దిక్కు వంచి, చావి తిప్పింది.

బుస్సుమన్నది. గద్వాల ఎండల మంచు! ఆ తెల్లపొగ పైకి లేస్తదనుకున్న, లేవలే. నీళ్ల లెక్క గుంతలకు దిగి మెల్లగ నిండింది. మంట దాని కింద మునిగి ఆరిపోయింది. దేవుడా! నీళ్లు లేకుండ మంట మునుగుడు ఎవరన్న చూసిన్రా? నాకు దండం పెట్టబుద్ధయింది.

చీర అంచు జరంత కమిలింది, అంతే. మా ఆయన ఊకుంటడా? తొక్కుడు చెక్కలు కాలినయేమో చూస్తనని గుంతల దిగబోయిండు. మణెమ్మక్క జుట్టు వట్టి వెనక్కి గుంజి కింద పడేసింది. లేవబోతే రొమ్ము మీద మోకాలు వెట్టింది.

"ఏందక్కా, పిచ్చి లేసిందా?" అని నేను అరిచిన.

"ఇంకో దీపం ముట్టియ్యే. తాడు కట్టి గుంతలకు దించు" అన్నది.

దించిన. అంచు దాటుడే ఆలస్యం, దీపం ఆరింది. గాలి లేదు, ఎవ్వరు ఊదలే. మళ్ల ముట్టించి దించిన, మళ్ల ఆరింది. మా ఆయన గుంత అంచు నుంచి వెనక్కి జరిగి కూసుండు. ఉరికినోళ్లంత తిరిగొచ్చి వాకిట్ల నిలబడ్డరు.

"నీకెట్ల తెలుసక్కా?"

ఆమె చేతులు చూసుకుంది. చల్లటి ఇనుముకు అంటుకొని అరచేతి తోలు లేచింది.

"పాన్‌గల్ల ఉన్నప్పుడు మా ఆయన నేలల తవ్విన జొన్నల పాతర తీసిండు. శానా దినాలు మూసిన పాతర. గిట్లనే దీపం దించి చూసి, గాలి ఆడనిచ్చి దిగాలె. తొందర పడి దిగిండు. నేను పైన గంప పట్టుకొని నిలబడ్డ. పిలిచిన, పలకలే."

నేను తాడు గుంజి దీపం పైకి తీసిన.

"మొదటిసారి బుడ్డి నింపిచ్చుకునేటప్పుడు కర్నూలాయన చెప్పిండు, పాతరల ఉండే గాలి, దీంట్ల ఉండే గ్యాసు ఒక్కటేనని. ఆడనే ఇడిసి వద్దామనుకున్న."

"మరెందుకు తెచ్చినవక్కా?"

"అప్పుడు నన్నడగకుండ వచ్చి మా ఆయనను వట్కపోయింది సెల్లె. ఇప్పుడు నేను తిప్పితెనే బయటికొస్తది."