ముందు అవతలివాళ్ళకి

వెర్నా టోలెఫ్సన్ చేతి తిండి నేను ముప్పై మూడేళ్ళుగా తింటున్నా. ఆవిడ గురించి ఎవరైనా నోరు జారితే ఊరుకోను, ముందే చెబుతున్నా.

ఆవిడ మా ఊరి బళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళు వంట చేసింది. ఈ గోధుమ గుట్టల్లో ఇవాళ ట్రాక్టరు నడిపేవాళ్ళలో సగం మంది ఆవిడ చిల్లీ తిని పెరిగినవాళ్ళే. గొడ్డుమాంసం, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన చిల్లీ, పక్కనే దాల్చినచెక్క పొడి వేసి చుట్టిన తియ్య రొట్టె. రెండూ ఒకే పళ్ళెంలో. బయటివాళ్ళు చూసి మొహం చిట్లిస్తారు. వాళ్ళ ఖర్మ.

శనివారం మా గ్రేడన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉందంటే, స్టేడియం పక్కన కార్లు ఆపే చోట ఆవిడ బల్ల వెలుస్తుంది. దానికి ఒకటే రూలు. అవతలి జట్టు అభిమానులు ఒక్కరైనా తిన్నాకే మనవాళ్ళకి గరిటె కదులుతుంది. నేను ధాన్యం గిడ్డంగిలో ఉద్యోగానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఆ రోజు ఆటకొచ్చిన కొండల అవతలి కాలేజీ పచ్చటోపీ పెట్టుకుని అక్కడ దిక్కులు చూస్తున్నా. తెలిసిన మొహం ఒక్కటి లేదు. "ఏయ్ పచ్చటోపీ, ఇలా రా! నీకోసం ఇక్కడ అరవై మంది ఆకలితో చస్తున్నారు" అని కేకేసింది. ఆ పూట నుంచే ఇది నా ఊరైంది. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను.

మొన్న వేసవిలో కాలేజీ వాళ్ళు బాంబు పేల్చారు. పాత కూటమి వదిలేసి కొత్త కూటమిలో చేరుతున్నారట. కూటమంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు. తొంభై ఏళ్ళుగా మాతో కొట్లాడిన ఇరుగుపొరుగు జట్లు పోయి, ఇక రెండు వేల మైళ్ళ అవతలివాళ్ళు వస్తారు. మొదటి ఆటే లూసియానా కాలేజీతో.

"టీవీ వాళ్ళ డబ్బుకి అమ్ముడుపోయారు!" అన్నా నేను.

"చేరకపోతే జట్టే ఉండదు లైల్, ఎన్నిసార్లు చెప్పాలిరా మొద్దూ!" అన్నాడు ఓరెన్ హాగ్లండ్. ఇరవై ఏళ్ళుగా వాడి గోధుమలు నా కాటా మీదే తూగుతున్నాయి. "పాత కూటమిలో మిగిలింది నలుగురు. వాళ్ళతో గోలీలాడతావా?"

"లూసియానా నుంచి మనకోసం ఎవడొస్తాడు? రెండు విమానాలు మారి, ఆపైన రెండు గంటలు కారా?"

"రాకపోతే మనమే అరుచుకుందాం."

"నువ్వే అరుచుకో. నేను స్టేడియం గడప తొక్కను."

కాఫీ కొట్లో వేసవంతా ఇదే రగడ. వెర్నా విని విని ఒకరోజు కప్పు పక్కన పెట్టింది. కీళ్ళనొప్పులతో ఆవిడ వేళ్ళు అప్పటికే వంకర్లు పోయాయి.

"ఇక ఆపండి నాయనా. మొదటి ఆటకి బల్ల వేస్తా. అవతలివాళ్ళు ఒక్కరొచ్చి తింటే సరే. రాలేదనుకో, ఆ రోజే మడిచేస్తా, మళ్ళీ వెయ్యను. మనకి మనమే వడ్డించుకోవడానికి ఇళ్ళు లేవా?"



సెప్టెంబరులో ఆ శనివారం రానే వచ్చింది. గడప తొక్కనన్నవాణ్ణి అందరికంటే ముందే వెళ్ళి బల్ల కాళ్ళు బిగించా. సిగ్గా? నాకెప్పుడూ లేదు. పన్నెండున్నరకి ఆట. పదకొండున్నరైంది, పన్నెండైంది, లూసియానా జట్టు ఊదారంగు చొక్కా ఒక్కటి కనబడలేదు. అరవై మందిమి ఖాళీ పళ్ళాలు పట్టుకుని నిలబడ్డాం. వాసనకి కడుపులో పేగులు అరుస్తున్నాయి.

"ఓరెన్‌కే ఊదా చొక్కా తొడిగి కూర్చోబెడదాం" అన్నారెవరో.

"దొంగ చుట్టాలు నాకొద్దు" అంది వెర్నా. గడియారం చూసి, గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలెట్టింది.

"నీ మాటే నెగ్గిందిగా, సంతోషమా?" అన్నాడు ఓరెన్ నాతో.

నిజమే, నెగ్గింది. నాకు ఏడుపొచ్చింది. "నోరు మూసుకుని నాతో నడు" అని వాణ్ణి లాక్కుని, స్టేడియం చుట్టూ తిరిగి అవతలివాళ్ళ గేటు దగ్గరికి ఉరికా.

గేటు ముందు మెట్టు మీద ఊదా స్వెట్టర్‌లో ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది.

"తల్లీ, లూసియానా నుంచేనా?"

ఆవిడ సంచి గట్టిగా పట్టుకుంది. "అవును. ఏం?"

"మీరు తినకపోతే మేం అరవై మంది పస్తుండాలి. లేవండి!"

ఓరెన్ టోపీ తీశాడు. "పిచ్చోడు కాదమ్మా, ఆకలి మీదున్నాడంతే."

ఆవిడ పకపకా నవ్వి లేచింది. పేరు ఆర్లీన్ బ్రూసార్డ్. కొడుకు మార్సెల్ ఆ జట్టులో ఎనభై మూడో నంబరు. మూడేళ్ళుగా ఆడనివ్వకుండా బెంచీ మీదే కూర్చోబెట్టారట. "ఇవాళా దింపరులెండి. అయినా వాడి మనిషంటూ ఒకరుండాలి కదా" అంది దారిలో.

ఊదారంగు చూడగానే వెర్నా చేతిలో మూత ఆగిపోయింది. వెంటనే పళ్ళెం నింపింది.

"ఈ రెండూ కలిపేనా?" అంది ఆర్లీన్.

"ముంచుకు తిను తల్లీ."

ముంచుకు తింది. మేమంతా ఆవిడ మొహంలోకే చూస్తున్నాం. "రొట్టె అమృతం. చిల్లీలో కారం బొత్తిగా లేదు" అంది. ముప్పై మూడేళ్ళలో ఆ మాట అనే ధైర్యం చేసినవాళ్ళు లేరు. వెర్నా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇక తినండ్రా!" అని అరిచి, అటు తిరిగి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. ఆ లూసియానా తల్లికి నేను మనసులోనే దండం పెట్టుకున్నా.

ఆటలో మమ్మల్ని చితక్కొట్టారు. ఆర్లీన్‌ని వెర్నా మా వరసలోనే, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆఖరి రెండు నిమిషాలు ఉన్నాయనగా అవతలివాళ్ళు బెంచీ మీది వాళ్ళని దింపారు. ఎనభై మూడో నంబరు పరిగెత్తుకొచ్చాడు. ఆర్లీన్ లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వెర్నా నా భుజం ఊతంతో లేచి "మార్సెల్!" అని గావుకేక పెట్టింది. వెంటనే ఓరెన్, ఆ తర్వాత నేను, ఇక అరవై మందిమీ.

ఓడిపోయేవాళ్ళు తన పేరెందుకు అరుస్తున్నారో తెలీక ఆ పిల్లాడు మా వైపు తిరిగాడు. మా మధ్యలో వాళ్ళమ్మ కనబడింది. చెయ్యెత్తాడు.

ఆర్లీన్ వెర్నా వంకర వేళ్ళు పట్టుకుంది. "మా ఊళ్ళో కూడా వాడి పేరు ఇంతమంది ఎప్పుడూ పిలవలేదు" అంది.