జింజ్‌లో ఒక నిఖా, రెండు కంప్యూటర్లు

2007. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక కంప్యూటర్ షాపులో నెట్‌వర్క్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. ఇళ్లకు కేబుళ్లు లాగడం, ఇంటర్నెట్ ఆగిపోతే మళ్లీ నడిపించడం నా డ్యూటీ. నేనేం చెప్పినా సగం కోతలేనని స్నేహితులు తీసిపారేస్తారు. ఒంటె మెడకు యాంటెనా కట్టి సఖీర్ ఎడారి దాకా సిగ్నల్ పంపానన్నది కోతే, ఒప్పుకుంటాను. ఈ సంగతి మాత్రం జరిగింది.

యూసుఫ్‌ది నిజామాబాద్ వైపు బోధన్. మనామాలోనే జింజ్ అనే పేటలో అబూ జాసిం అనే పెద్దమనిషి ఇంట్లో డ్రైవరు. ఆ విల్లాకు ఎదురుగానే, రోడ్డు దాటితే యూసుఫ్ ఫ్లాటు. ఒకనాడు షాపుకొచ్చి నా కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"అన్నా, జుమ్మా నాడు బోధన్‌ల మా చెల్లె నిఖా. నేను పోయేటట్టు లేదు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చిన, ఇంకా రాలే."

"ఫోన్‌ల మాట్లాడరాదు?"

"ఫోన్‌తోని పని కాదన్నా. అబ్బాజాన్ లేడు, పెద్దన్నను నేనే. నా మొఖం చూడంది ఖబూల్ అననని కూసున్నది రెహానా. మొండిది. అనదంటే అనది."

పెళ్లికూతురు ఖబూల్, అంటే ఒప్పుకున్నానని, అంటేగానీ నిఖా అయినట్టు కాదు. యూసుఫ్ ఇంట్లో రెండు పాత కంప్యూటర్లుండేవి. ఇక్కడున్న వాళ్ల చుట్టాల్లో మగవాళ్లు ముందు గదిలో, ఆడవాళ్లు లోపలి గదిలో విడివిడిగా నిఖా చూడాలి కాబట్టి రెండూ కావాల్సిందే. యూసుఫ్ మొహం రెహానాకు కనబడేలా ముందు గదిలో కెమెరా పెట్టి, రెంటికీ నేనే కేబుల్ వేసి స్విచ్‌కి కలిపాను. స్విచ్ అంటే ఒక తీగలో వచ్చేదాన్ని నాలుగు తీగలకు పంచే చిన్న పెట్టె. పంచడానికి పెట్టె ఉంది కానీ, పంచాల్సిన ఇంటర్నెట్టే లేదు. ఫ్లాటుకు ఫోన్ లైనే లేదు. సంగతి విని అబూ జాసిం, "మా ఇంటిది వాడుకో, అందులో అడగాల్సిందేముంది" అన్నాడట.

వాళ్ల రౌటర్, అంటే ఇంటర్నెట్‌ని గాలిలోకి వదిలే పెట్టె, విల్లా మేడ మీద ఉంది. రోడ్డుకు అడ్డంగా కేబుల్ లాగితే ఊరుకోరు. అందుకని యూసుఫ్ బాల్కనీలో బ్రిడ్జ్ బిగించాను. అది దూరం నుంచి గాలిలో వచ్చే సిగ్నల్‌ని పట్టుకుని తీగలోకి దించుతుంది. గాలికీ తీగకూ మధ్య దుబాసీ అనుకోండి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ రౌటర్ ఉన్నది ఆడవాళ్లు కూర్చునే హాల్లో. పరాయి మగవాడు అటు వెళ్లకూడదు. అబూ జాసిం కళ్లద్దాలు పెట్టుకుని, దాని వీపున ఉన్న స్టిక్కర్ చదివి పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పాడు. నేను పనిచేసిన ఆ పెట్టె మొహం నేనింతవరకూ చూడలేదు. అయినా గురువారం సిగ్నల్ నాలుగు గీతలు నిండుగా వచ్చింది. రెండు తెరల మీదా బోధన్ కనబడింది, ముందు గదిలో ఖాజీ కూర్చునే చోటు, లోపల పెళ్లికూతురి గది. యూసుఫ్ పరుగున విల్లాకు వెళ్లి, మెట్ల కింద నుంచే అబూ జాసిం తల్లికి సలాం చేసి, విషయమంతా విడమరిచి చెప్పి వచ్చాడు. ఆమెను ఇంటిల్లిపాదీ యుమ్మా అంటారు, అంటే అమ్మ.

శుక్రవారం నమాజు తర్వాత ఫ్లాటు నిండిపోయింది. తెర మీద ఖాజీ గొంతు సవరించుకున్నాడు. నేను గోడకు ఆనుకుని, "నా బ్రిడ్జ్ తెగాలంటే భూకంపం రావాలె" అంటున్నాను. అంతలో ఖాజీ తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది. తర్వాత తెర నల్లబడింది. లోపలి గదిలోంచి ఆడవాళ్లు, "హాయ్ అల్లా, ఇక్కడ కూడా పోయింది!" అని కేక పెట్టారు.

బాల్కనీకి ఉరికాను. బ్రిడ్జ్ వెలుగుతూనే ఉంది, కానీ సిగ్నల్ సున్నా. ఒక్క గీత కూడా లేదు. ఆపి మళ్లీ వేశాను. సున్నా! ఆ క్షణాన నాకు పట్టిన చెమటకు బహ్రెయిన్ చుట్టూ సముద్రం ఒక అంగుళం పెరిగి ఉంటుంది. అబూ జాసింకు ఫోన్ చేసి, నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"మీ ఇంటర్నెట్ పోయిందా?"

"పోవడమేంటి? కింద నా కంప్యూటర్లో వార్తలు చదువుతున్నా కదా!"

నా మతి పోయింది. ఆయన కంప్యూటర్‌కు రౌటర్ నుంచి కేబుల్ ఉంది. అంటే రౌటర్ బతికే ఉంది, గాలిలో సిగ్నల్ మాత్రం చచ్చింది. మధ్యలో గోడేమైనా లేచిందా? ఈలోపు బోధన్ నుంచి యూసుఫ్ మేనమామ ఫోన్. "పిల్ల తలకాయ లేపుతలేదు. ఖాజీ సాబ్‌కు ఇంకో నిఖా ఉన్నదట, లేస్తనంటున్నడు. జల్దీ చెయ్, బేటా!"

ఇద్దరం విల్లాకు పరుగెత్తాం. మేడ మీద జుమ్మా భోజనానికి వచ్చిన చుట్టపు ఆడవాళ్లు కూడి ఉన్నారు. సొంత ఇల్లే అయినా అబూ జాసిం కూడా పైకి వెళ్లలేక మెట్ల కిందే ఆగి కేకేశాడు.

"యుమ్మా! ఆ పెట్టెలో దీపాలు వెలుగుతున్నాయా?"

"వెలిగితే నాకెలా కనబడతాయి? మూసేశానుగా!" అని ఆవిడ గొంతు. యూసుఫ్ నా చెవిలో తెలుగు చేస్తున్నాడు.

"దేంతో?" అన్నాడు అబూ జాసిం.

"మచ్బూస్ వండిన గిన్నెతో."

మచ్బూస్ అంటే వాళ్ల మాంసపన్నం. అది వండే పాత్ర మా వైపు పెళ్లిళ్లలో వాడే అల్యూమినియం గంజు లాంటిది, మనిషి కూర్చోగలడు అందులో. లోహం బోర్లిస్తే సిగ్నల్ బయటికి రాదు. గంజు అంచు కింద నుంచి కేబుల్ మాత్రం హాయిగా పోతుంది. అందుకే అబూ జాసిం వార్తలు ఆగలేదు.

"ఎందుకు మూశారమ్మా?" అని అబూ జాసిం చేత అడిగించాను.

"నీ పక్కనున్న యూసుఫే చెప్పాడు. దీంట్లోంచి మేం వాళ్లను చూస్తాం, వాళ్లు మమ్మల్ని చూస్తారని. నా కోడళ్లు జుట్టు విరబోసుకుని కూర్చున్నారు. పెళ్లికొచ్చిన మగాళ్లంతా చూడాలా?"

"ఆ పెట్టెకు కన్ను లేదమ్మా!"

"కన్ను లేకపోతే వాడి మొహం చెల్లికెలా కనబడుతుంది?"

కెమెరా ఎక్కడుంటుందో, సిగ్నల్ అంటే ఏమిటో, మెట్ల కింద నిలబడి, నాకు రాని అరబ్బీలో, ఖాజీ లేచేలోపు ఎలా చెప్పను! యూసుఫ్ నన్ను పక్కకు జరిపి తల పైకెత్తాడు. ఏదో చెప్పాడు.

"ఏమన్నవ్?"

"నా మొఖం చూడంది ఖబూల్ అనదు యుమ్మా, మొండిది, అన్న."

తర్వాత ఆవిడ, "యల్లా, అబాయాలు వేసుకోండి! అందరూ!" అని గదమాయించింది. ఒళ్లంతా కప్పే ఆ నల్ల బట్టల గరగర. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆపైన గంజు లేచిన చప్పుడు, మెట్లన్నీ మోగేలా.

మేం ఫ్లాటుకు తిరిగి వెళ్లేసరికి బ్రిడ్జ్‌కు నాలుగు గీతలు. ఖాజీ చెప్పులు వేసుకోబోతూ కనబడ్డాడు. యూసుఫ్ కెమెరాకు ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి, "రెహానా, ఇగో, వచ్చిన" అన్నాడు. లోపలి గది ఆడవాళ్లు తర్వాత చెప్పారు: ఆ పిల్ల తల పైకెత్తి, తెర వైపు కాసేపు చూసి, "ఇంత నల్లగైనవేందన్నా" అని, ఆ వెంటనే ఖబూల్ అన్నదట.

ఆ తర్వాతి ప్రార్థన, దువా, ముగియకముందే యూసుఫ్ జేబులో ఫోన్ మోగింది. అబూ జాసిం.

"అయిందా అని యుమ్మా అడుగుతోంది. అందరూ ముసుగుల్లోనే ఉన్నారు."

"ఖలాస్, బాబా. అయింది," అన్నాడు యూసుఫ్, కళ్లు తుడుచుకుంటూ.

అంతవరకూ నేను దూరం కొలిచేవాణ్ణి, గోడ మందం చూసేవాణ్ణి, అద్దాలు తట్టేవాణ్ణి. ఆ శుక్రవారం తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, రౌటర్ ఎక్కడుందని అడిగే ముందు ఆ గదిలో ఎవరు కూర్చుంటారని అడుగుతున్నాను. కుదిరితే ఆ ఇంటి పెద్దావిడకు నమస్కారం పెట్టి, పెట్టెలో ఏముందో, ఏం లేదో ముందు ఆవిడకే చెబుతున్నాను. సిగ్నల్ ఎంత దూరం పోవాలన్నది మా యంత్రాల లెక్క. పోనివ్వాలా వద్దా అన్నది ఆ గదిలో కూర్చున్నవాళ్ల ఇష్టం.