సుడిగుండంలో ఆగిన పడవ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అచ్చు కాగితం ఎండుచేపలు పొట్లం కట్టడానికి తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. విశాఖపట్నం వన్ టౌన్‌లో, రేవుకు దగ్గరగా, సముద్రం మీద బతికే ఇళ్ళ వరుసలో చివరిది మాది. మా గోడకు ఆనుకుని పుస్తకాలు బైండింగు చేసే సాయిబు గారి ఇల్లు ఉండేది. ఇటు నుంచి చేపల వాసన, అటు నుంచి ఉడికించిన మైదా జిగురు వాసన. మా సందులోకి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా మైదా ఉడుకుతున్న వాసన తగిలితే ప్రాణం లేచివస్తుంది.

సాయిబు గారి పెద్దమ్మాయిని నేను అక్క అనేదాన్ని. ఆమెను చిన్నతనంలోనే బడి మాన్పించి ఇంట్లో కుట్టుపనికి కూర్చోబెట్టారు. బడి పోయిందే గానీ చదువు పోలేదు, ఎందుకంటే ఊళ్ళో వాళ్ళు బైండింగుకు ఇచ్చిన ప్రతి కాగితమూ ఆమె చేతుల మీదుగానే వెళ్ళేది. కుట్టే ముందు చదివేసేది. "కుట్టమంటే సదువుకుంటా కూకున్నావేటి" అని వాళ్ళ నాన్న రోజూ అరిచేవారు, ఆమె రోజూ ఊఁ కొట్టేది, రోజూ చదివేది.

ఆ రోజుల్లో వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చేవి. ఇష్టపడ్డ వాళ్ళు వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచుకుని, కథ పూర్తయ్యాక తెచ్చి బైండు చేయించుకునేవారు. వాటిలో "గవ్వల కోట" అనే సీరియల్ ఒకటుండేది. ఒక భాగం అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో భాగం మొదలయ్యేది. తరంగుడు అనే కుర్రాడు, వాడితో మాట్లాడే ఒక పడవ, సముద్రం అడుగున గవ్వలతో కట్టిన కోట, దానికి కాపలాగా బూడిదకళ్ళ మంత్రగత్తె. ఊరు ఊరంతా దాని కోసం పడి చచ్చేది. సాయిబు గారి ఇంటికి ఆ పేజీలు కట్టలు కట్టలుగా వచ్చేవి.

పుస్తకం కుట్టడం అయిపోయాక సొంతదారు వచ్చి పట్టుకెళ్ళేదాకా అది మాది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా మగవాళ్ళు ఒడ్డున కొబ్బరాకుల పాకలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకునేవారు. అక్క పని ముగించుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, వలల గుట్ట మీద కూర్చుని పైకి చదివేది. చేతులు వల మీద, చెవులు కథ మీద. పడవ మాట్లాడిందని మొదటిసారి చదివినప్పుడు పిల్లలమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. మా తాతయ్య మాత్రం తల కూడా ఎత్తకుండా, "ఇందులో ఇంతేటుంది? నా పడవ రోజూ మాటాడతాది. ఇనేవోడుండాల గానీ" అన్నాడు.

తాతయ్యకు ఒక పట్టింపు ఉండేది. వేటకు వెళ్ళే ముందు ఏ కథ చెప్పుకున్నా, అందులోని పడవను ఒడ్డుకు చేర్చి ఆపాలి. నీళ్ళ మీద పడవను వదిలేసి కథ ఆపితే, తెల్లారి నీళ్ళ మీదికి దిగేవాళ్ళకు మంచిది కాదని ఆయన నమ్మకం. పత్రిక వాళ్ళేమో సరిగ్గా పడవ మునిగేచోట "వచ్చేవారం" అని ఆపేసేవారు. మాకు బైండు పుస్తకం కాబట్టి ఆ బాధ లేదు. అక్క పేజీ తిప్పి, పడవకు ఇసుక తగిలేదాకా చదివి, అప్పుడు లేచేది.

ఇక నా సంగతి. నేను బడికైతే వెళ్ళేదాన్ని గానీ నాకు చదవడం రాదు. పక్కపిల్ల చదువుతుంటే విని, పాఠం మొత్తం గడగడా అప్పజెప్పేదాన్ని. వేలు పెట్టి ఈ మాట ఏమిటని అడిగితే, అక్షరాలు విడివిడిగా తెలిసినా కలపలేక బిక్కచచ్చిపోయేదాన్ని. ఒకరోజు మా మాస్టారు చేపలు కొనడానికి వచ్చి, మాటల మధ్యలో తాతయ్యకు ఆ సంగతి చెప్పేశారు. తాతయ్య ఆ సాయంత్రమే తేల్చేశాడు. "ఈ గుంటకి సదువెక్కదు. సెలవులయ్యాక బడీ గిడీ నేదు. వాళ్ళమ్మతో సేపలెండేసుకుంటాది." మా నాన్న ఆయన మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. అమ్మకు ఇంకో రెండు చేతులు వస్తాయంటే కాదనే స్థితీ కాదు.

చేపలు ఎండబెట్టే పని అంటే ఏమిటో నాకు తెలుసు. కాలే ఇసుక, గీసుకుపోయిన వేళ్ళలో ఉప్పు, మీద పడే కాకులు. అది కూడా పరవాలేదు. నాతో ఆడుకునే పిల్లలందరూ పొద్దున్నే పలకలు పట్టుకుని అటు వెళ్తుంటే నేను తట్ట పట్టుకుని ఇటు వెళ్ళాలి, అదీ బతుకంతా. ఆ ఊహకే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పరిగెత్తుకెళ్ళి అక్క ఒళ్ళో పడి ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. "నిజంగానే మాన్పించేత్తారా?" అని ఒక్కమాట అడిగి, దారం పంటితో తెంపి, చాలాసేపు అలా కూర్చుండిపోయింది.

తర్వాత రెండు మూడు రోజులకనుకుంటాను, పాకలోకి అక్క కళ్ళకు తడిగుడ్డ అద్దుకుంటూ వచ్చింది. కళ్ళకలక అంది. అయినా కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఆ మర్నాడు తెల్లవారకముందే మావాళ్ళు వేటకు వెళ్ళాలి. కథలో తరంగుడి పడవ సుడిగుండంలో చిక్కుకుంది. తెడ్డు విరిగింది. పడవ గిరగిరా తిరుగుతోంది. "నన్ను వదిలేసి నువ్వు దూకెయ్" అని పడవే కుర్రాణ్ణి బతిమాలుతోంది. వలల మీద ఒక్క చెయ్యి కదలడం లేదు.

సరిగ్గా అక్కడ అక్క ఆపేసింది. "ఇంక నావల్ల కాదు తాతా. అచ్చరాలన్నీ అలుక్కుపోతన్నాయి" అని పుస్తకం వల మీద పెట్టి లేచింది.

"ఓలమ్మో, పడవ సుడిలో ఉంటే ఎలిపోతావేటే!" అని తాతయ్య గావుకేక పెట్టాడు.

"మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లుంది కదా, సదివిత్తాది" అని అక్క నడుస్తూనే చెప్పింది. సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అందరూ నావైపు తిరిగారు. తాతయ్య ఈడు మనిషి ఒకాయన, "ఒగ్గీ బావా, కథే కదేటి" అన్నాడు. తాతయ్య ఆయన మీద విరుచుకుపడ్డాడు. "కథే! రేపు నీళ్ళ మీదకి దిగీది నువ్వూ నానూ. ఒలే గుంటా, ఇలా రా, సదువు."

"నాకు రాదు తాతా."

"రాకపోతే ఎలాగే? అక్కడ కుర్రోడు సచ్చిపోతన్నాడు!"

నవ్వకండి. అప్పుడు మాలో ఎవరమూ నవ్వలేదు. నాకూ నిజంగా అలాగే అనిపించింది. నేను చదవకపోతే వాడు మునిగిపోతాడు, అంతే. బడిలో ఏ పాఠమూ నన్ను అంత భయపెట్టలేదు, అంతగా పిలవనూ లేదు.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేలు పెట్టాను. పడవ అన్నది తెలిసింది. తర్వాతది కూడబలుక్కున్నాను. సు, డి, అని నేను అనేలోపే పాకంతా "సుడిగుండం!" అని అరిచింది. కిందికి చూస్తే అవును, సుడిగుండమే. పుట్టినప్పటినుంచి తాతయ్య నోట వింటున్న మాట అక్కడ నల్లగా పడుకుని ఉంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పుస్తకాల్లో ఉండే మాటలు వేరే ఎవరివో అనుకునేదాన్ని అప్పటిదాకా. ఇవి మావే!

ఇక అక్కడినుంచి అదొక తిరనాళ్ళు. నేను సగం మాట అనగానే మావాళ్ళు మిగతా సగం అందించేవారు. తెర అంటే తెరచాప అనేవారు, కెర అంటే కెరటం అనేవారు. చుక్కాని దగ్గర నాకంటే ముందే నలుగురు అరిచారు. సముద్రం మాటలన్నీ వాళ్ళు మోశారు, మధ్యలో ఉన్న చిన్న చిన్న మాటలు నేను మోసుకున్నాను. చెమటలు కారుతున్నాయి. ఎవరూ విసుక్కోలేదు.

ఒకచోట తరంగుడు ఏదో విసిరాడని వచ్చింది. ఏం విసిరాడో తేలకముందే తాతయ్య, "లంగరు! లంగరేసుంటాడు, మరేటేత్తాడు" అన్నాడు. అందరూ లంగరే అన్నారు. తాతయ్య సముద్రం గురించి ఒక మాట అన్నాక మా పేటలో ఇంకొకరు మాట్లాడేవారు కాదు. నేను కాగితం వైపు చూశాను. మళ్ళీ చూశాను. అక్కడ మొదటి అక్షరం అది కాదు.

"కాదు తాతా" అన్నాను. "లంగరు కాదు. పగ్గం. పగ్గం ఇసిరినాడు."

తాతయ్య నావైపు వంగి, "కాయితంలో అలాగుందా?" అన్నాడు.

"ఉంది."

ఆయన ఆ అర్థంకాని పేజీ వైపు కాసేపు చూసి, "అయితే నువ్వు సెప్పిందే రైటు. సదువు" అన్నాడు.

ఆ పగ్గం వెళ్ళి సుడిగుండం అంచున ఉన్న రాతికి తగులుకుంది. తరంగుడు పట్టుకుని లాగాడు. పొద్దు వాలేవేళకు, నా గొంతు బొంగురుపోయాక, పడవకు ఇసుక తగిలింది. మావాళ్ళు కేకలు వేశారు. ఒకాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు, అది చెమటో ఏమిటో నాకు తెలియదు. తాతయ్య లేచి, తట్టతో ఎదురొస్తున్న అమ్మతో, "కోడలా, ఈ గుంట బడి మానదు. సేపలకి ఇంకెవర్నైనా సూసుకో" అన్నాడు. అమ్మ తెల్లబోయి నిలబడింది. నేను విన్నాను గానీ గెంతులు వేయలేదు, ఎందుకంటే నేను అప్పటికే పేజీ తిప్పేశాను. మంత్రగత్తె ఏం చేస్తుందో నాకు తెలియాలి.

మర్నాడు పుస్తకం ఇవ్వడానికి వెళ్తే, అక్క గుమ్మంలో కూర్చుని సన్నటి సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కిస్తోంది. కళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. "నీ కళ్ళు తగ్గిపోనాయా అక్కా?" అన్నాను. "ఎవరి కళ్ళు?" అంది. నేను బిత్తరపోయి చూస్తుంటే పకపకా నవ్వి, పక్కనున్న కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టింది. రెండో భాగం, ఇంకా కుట్టనిది. "పేజీలు వరసలో ఉన్నాయో నేదో సదివి సెప్పు. నువ్వు సెప్పినాకే కుడతాను" అంది. ఆ వేసవి అంతా నేను ఆ పనే చేశాను. అమ్మ కాకుల్ని తోలమని అరుస్తూనే ఉండేది. నాకు వినపడేది కాదు. బళ్ళు తెరిచేనాటికి మాస్టారు ఏ పేజీ తీసినా చదివేశాను. ఆయన పుస్తకం తిరగేసి మరో పేజీ తీశారు. అదీ చదివాను.

ఇప్పుడు నేను ఉంటున్నది పెందుర్తిలో. మా మనవరాలు మంత్రాలు, రెక్కల గుర్రాలు, మాట్లాడే అడవులు ఉన్న ఇటుకంత పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి నమిలేస్తుంటుంది. అన్నానికి పిలిస్తే పలకదు. "ఆ మాయలూ మంత్రాలూ చదివి ఏం ఉద్ధరిస్తావే?" అని వాళ్ళమ్మ సణుగుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లకు ముందు ఆకలి వెయ్యనివ్వండమ్మా, ఏది తినాలో తర్వాత చెప్పొచ్చు. ఒక కథ భాగాలు భాగాలుగా వచ్చి, "తర్వాత ఏమైంది" అని పిల్లల కాలర్ పట్టుకుని లాగితే, అంతకు మించిన మాస్టారు ఎవరూ లేరు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, గోపాలపట్నం దగ్గర బడిలో రిటైరయ్యేదాకా పిల్లలకు చదువు చెప్పినదాన్ని.

ఆ ఉద్యోగం, ఆ తర్వాత నాకు దక్కిన మర్యాద, అన్నీ అక్క పెట్టినవే. పెళ్ళయ్యి విజయనగరం వెళ్ళిపోయిందామె. మొదటి జీతం వచ్చినప్పుడు చీర పట్టుకుని వెళ్ళి కాళ్ళకు దండం పెట్టబోతే, చెయ్యి పట్టుకుని ఆపి, "ఏటి సదువుతన్నావిప్పుడు?" అని అడిగింది. అంతే అడిగింది.

ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా తలుచుకున్నది మాత్రం ఆమె చదివిన కథను కాదు, పాకలోంచి లేచి వెళ్ళిన తీరును. వెనక తాతయ్య కేకలు వేస్తున్నాడు, నేను ఏడుపు మొహంతో చూస్తున్నాను. నేనంటే ప్రాణం పెట్టే మనిషి. ఒక్కసారి వెనక్కి తిరిగితే జాలేసి వచ్చేసేది, ఆ పేజీ ఆమే చదివేసేది. నేను చేపల దగ్గరే ఉండిపోయేదాన్ని. నా క్లాసులో ఏ పిల్లో, ఏ పిల్లాడో ఒక మాట దగ్గర తడబడి, నోటితో చెప్పలేక కళ్ళతో నన్ను బతిమాలుతుంటే, ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చేసేది. చెప్పేసేదాన్ని కాదు. కిటికీ వైపు తిరిగి నిలబడేదాన్ని. ఎంత కష్టమో ఆ కాసేపు అలా నిలబడటం. అక్క ఎంత కష్టపడి నడిచివెళ్ళిందో అప్పుడు తెలిసేది.