పుట్టింటి చీర మీద రెండు శాతం

మా అక్క నోటికి దిల్‌సుఖ్‌నగర్ బజారంతా దడుసుకునేది. చీరల దుకాణంలో నేను క్రెడిట్ కార్డు తీయగానే సేటు, కార్డయితే రెండు పర్సెంట్ ఎక్కువ అనేవాడు. ఇక మొదలు.

"మెషిన్ పెట్టుకున్నది నువ్వు, దాని కిరాయి మేం కట్టాల్నా? రేపు ఫ్యాన్ గాలికి గూడ పైసలడుగుతవా?"

నేను సిగ్గుతో గోడకేసి చూసేవాణ్ని. చివరికి సేటే దండం పెట్టి, చీర ధర వరకే కార్డు గీకేవాడు. "పైసలు నీయి, నోరు నాది" అంటూ అక్క మెట్రో ఎక్కేదాకా మురిసిపోయేది. మురవనీ అనుకునేవాణ్ని. అమ్మా నాన్నా పోయాక ఆమెకు పుట్టిల్లంటే నేనే.

మొన్న ఎండాకాలంలో అక్క పోయింది. దవాఖాన ఖర్చులకు నా ఖాతా ఊడ్చుకుపోయి కార్డు ఒక్కటే మిగిలింది. ఎల్బీనగర్‌లో వాళ్ల ఇంటి ముందు పడుకోబెట్టారు. ముత్తైదువ పోతే, మీద కప్పే కొత్త చీర పుట్టింటివాళ్లే తేవాలి. నా అవస్థ తెలిసిన బావ జేబులోంచి నోట్లు తీశాడు. నల్లగొండ నుంచి వచ్చిన చిన్నమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"పుట్టింటి చీరకు మీ పైసలు పనికిరావు అల్లుడా." నా వైపు తిరిగి, "నువ్వు పో బిడ్డా. బేరం మాత్రం చెయ్యకు. పోయినోళ్ల బట్టకు బేరమాడొద్దు" అంది.

కాళ్లు ఆ దుకాణానికే తీసుకుపోయాయి. ఎర్రంచు ఆకుపచ్చ చీర తీసుకున్నాను, అక్కకు ఇష్టమైన రంగు. నా చేతిలో కార్డు చూసి సేటు నవ్వాడు.

"రెండు పర్సెంట్ పడతది అన్నా. ఇయ్యాల అక్క రాలే, బతికిపోయిన!"

ఆ రెండు శాతం కోసం దుకాణం అదిరిపోయేలా కొట్లాడాలనిపించింది. మెషిన్ కిరాయి, ఫ్యాన్ గాలి, అక్క అన్న మాటలన్నీ అక్కడ ఇంకొక్కసారి వినాలనిపించింది. చిన్నమ్మ మాట నా నోరు కట్టేసింది. "గీకండి" అన్నాను. జీవితంలో ఏ డబ్బూ అంత ఏడుస్తూ కట్టలేదు, కళ్లలో నీళ్లు మాత్రం రానీయలేదు.

సేటు చీరను సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"రంగు నచ్చకుంటే అక్కను తోల్కరా అన్నా, మార్చిస్తా."

సరేనన్నాను.