మేడమీద తాత సెనక్కాయల పొట్లాలు

నా చిన్నప్పుడు, పదేళ్ళు ఇంకా నిండని రోజుల్లో, నేను కొట్టిన బేరం లాంటిది బర్మాలో మా పబేడాన్ పేటలో పెద్ద పెద్ద కొట్లవాళ్ళు కూడా కొట్టి ఉండరు. ఏడు పాత పుస్తకాలు ఇచ్చి ఒక సత్తు బేసిను, దాని మీదికి మూత, పైన ఒక గరిటె పుచ్చుకున్నాను. ఆ గరిటె కోసం పావుగంట వాదించాను. పుస్తకాలు నావి కావు. ఆ ఒక్క సంగతీ పక్కన పెడితే మా నాన్న కూడా అంత రాబట్టలేకపోయేవాడు.

పుస్తకాలు మేడమీద తాతవి. ఆయన మాకు చుట్టం కాదు. మా తాతల ఊరి వైపునుంచే రంగం, అంటే రంగూన్ వచ్చి, రేవులో గుమాస్తాగా చేసి, మా కొట్టున్న ఇంట్లోనే పై అంతస్తులో ఒంటిగా ఉండేవాడు. వానాకాలం ఆయన గది కారుతుంది. అందుకని ఆ ఏడు తొలివానలకే ఆ పుస్తకాలను మైనపుగుడ్డలో చుట్టి తెచ్చి మా కొట్టు అటక మీద పెట్టుకున్నాడు.

వాటిలో ఉన్నది రగ్బీ. యుద్ధానికి ముందు రంగంలో దొరల క్లబ్బులు ఆడుకునే రగ్బీకి దిగువన, జీతగాళ్ళ కోసం రెండో తరగతి లీగు ఒకటి ఉండేదట. రేవు గోడౌన్ల వాళ్ళదొక జట్టు, రైలు వర్క్‌షాపు వాళ్ళదొకటి, బియ్యం మిల్లులవి రెండు, చౌక్తడా పేట ఆఫీసుల వాళ్ళదొకటి. దొరలు వద్దనుకున్న రోజునే వీళ్ళకి మైదానం, అంటే బురద చీలమండలు దాటిన రోజున. పదిహేనుమందికి పన్నెండుమందే వస్తే ఎదుటి జట్టే ఒకరిద్దరిని అరువిచ్చేది. గెలిచిన జట్టు మరుసటి ఏడు పై తరగతిలో ఆడాలని రూలు ఉండేది. ఏ ఏడూ ఏ జట్టునీ ఆడనివ్వలేదు. ఒకసారి బూట్లు సరిగా లేవన్నారు, ఇంకోసారి బట్టలు మార్చుకునే గది ఏదన్నారు. ఇదంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టినవాడు మేడమీద తాత ఒక్కడే.

ఆయన ఆడేవాడు కాదు. ఆయన తమ్ముడు ఆడేవాడు. రేవులో మూటలు మోసే మనిషి, అక్షరం ముక్క రాదు. ఆటకి ముందు ప్రతివాడూ పుస్తకంలో సంతకం చెయ్యాలి. అందరి ముందూ వేలిముద్ర వెయ్యడానికి సిగ్గుపడి, అన్న పక్కన నెల్లాళ్ళు కూర్చుని తన పేరు రాయడం నేర్చుకున్నాడట. జన్మలో అతను రాసింది ఆ పేరొక్కటే, అదీ ఆ పుస్తకాల్లోనే. యుద్ధంలో జపాను బాంబులు పడ్డాక, నడకదారిన ఇండియా పోయే గుంపుతో బయలుదేరాడు. ఎక్కడికీ చేరలేదు. ఫొటో లేదు, బట్ట లేదు. ఆ సంతకాలు మిగిలాయి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదని రాయాలని ఉంది గాని, అప్పట్లో గరిటె మీద నాకున్న మోజు తలుచుకుంటే గట్టిగా చెప్పలేను. కొట్టులో పెరిగిన పిల్లకి లోకంలో కాగితం రెండే రకాలు. ఖాళీ ఉన్నది రాసుకోవడానికి, రెండువైపులా నిండిపోయినది పొట్లం కట్టడానికి. నా బడి పుస్తకాలే ఏడాది తిరిగేసరికి ఎండుమిరపకాయల పొట్లాలైపోయేవి. అలాంటప్పుడు, పాత కాగితాలకి సత్తు సామాను ఇచ్చే బర్మా ఆవిడ గంప దించేసరికి, నాన్న లేడు, అమ్మ లోపల అన్నం తింటోంది. నాకు అటక మీది మూట గుర్తొచ్చింది. విప్పి చూశాను. ఖాళీ పేజీ ఒక్కటి లేదు. ఇంకేం!

నాలుగో రోజున తాత దిగి వచ్చి, "గుంటా, నా మూట ఓసారి తియ్యే" అన్నాడు.

నేను బేసిను తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఏటనుకున్నావు తాతా! మూత ఇవ్వనంటే, మూతతో పాటు గరిటి కూడా లాగీసినాను!"

అమ్మ లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! ఏటి సేసినావే! ఆ తమ్ముడు సంతకాలు ఉన్నాయి కదే అందులో!" అని చెయ్యెత్తింది. తాత తన చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత బేసినును వేలితో టంగుమని కొట్టి చూశాడు. "గట్టిదే. బేరం బాగా సేసినాది. గుంటని కొట్టకమ్మా" అన్నాడు. లేచి పైకి వెళ్ళాడు. మూడు అంతస్తుల మెట్లు ఎక్కడానికి ఆ రోజు ఆయనకి చాలాసేపు పట్టింది.

మర్నాటినుంచి తాత రోజూ సాయంత్రం నాకు సెనక్కాయలు తేవడం మొదలుపెట్టాడు. పొట్లం విప్పి గింజలు నా ఒళ్ళో పోసి, తాను ఖాళీ కాగితం పట్టుకుని కూర్చునేవాడు. అప్పుడే రగ్బీ కథలు చెప్పేవాడు. ఒకరోజు మిల్లు జట్టు బంతి కాలవలో పడి కొట్టుకుపోయిన ఆట, మరోరోజు రేవు జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయిన ఆట. ముందూ వెనకా ఉండేది కాదు, సగంలో ఆగిపోయేవి.

"ఎప్పుడూ ఓడిపోయినోళ్ళ కథలేనేటి తాతా?" అని నిలదీశాను.

"ఏటి సెయ్యనే, ఇయ్యాల ఇదే దొరికినాది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తినే ధ్యాసలో అడగనూ లేదు. ఇంత మంచి పని చేసినందుకే తాత నాకు సెనక్కాయలు పెడుతున్నాడని లోలోపల గర్వంగా ఉండేది.

నెల తిరక్కుండానే ఆయనకి జ్వరం వచ్చింది. అమ్మ గంజి ఇచ్చి పైకి పంపింది. గదిలో, బల్ల మీద, ఇటుకల కింద వరసగా కాగితాలు. మడతలు పడ్డవి, నూనె మరకలవి, ఉప్పు అంటుకున్నవి. అన్నిటి మీదా ఆయన గుండ్రటి రాత. మూట పోయిందని తెలిసిన రోజునే ఆయన ఆ బర్మా ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళాడట. అప్పటికే పుస్తకాల కుట్లు విప్పి, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు స్టేషను ముందు సెనక్కాయలమ్మే వాళ్ళందరికీ తలా కొన్ని కాగితాలు ఇచ్చేసిందట. అందుకని రోజూ అక్కడికి నడిచి వెళ్ళి, ప్రతి గంప దగ్గరా పొట్లాలు తిప్పి చూసి, తన రాత కనిపించినది కొనుక్కొస్తున్నాడు.

"సంతకం దొరికినాదా తాతా?" అన్నాను.

"ఇంకా లేదే. పొట్లాలు అయిపోనేదు కదా" అన్నాడు. గంజి తాగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మా కొట్టు ముందు ఎవరు ఎంత తిట్టినా నేను రెండింతలు తిట్టగలను. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

కొన్నాళ్ళకి ఆ కాగితాలు అయిపోయాయి. పొట్లాలు బర్మా పేపర్లతో రావడం మొదలైంది. వాటిలో ఆయనకి కావలసింది ఏమీ లేదు. అయినా నేను అలవాటు పడ్డానని, సెనక్కాయలు మాత్రం మానలేదు. ఆ పేపరు పొట్లాల్లోవి నాకు తినబుద్ధి అయ్యేది కాదు. వద్దని చెబితే ఎందుకో చెప్పాలి గనక, అన్నీ తిన్నాను.

నాకు పెళ్ళై వెళ్ళిన ఏడే ఆయన పోయాడు. కాగితాలు నాకిమ్మని అమ్మకి చెప్పాడట. ఈ మధ్య, ఇక్కడే రంగంలో రగ్బీ ఆడుకునే కుర్రాళ్ళలో మన తెలుగువాడొకడు ఆ పాత లీగు కథ కోసం వచ్చాడు. అన్నీ తిరగేసి, నేను చెప్పిందంతా విని, "మామ్మా, ఆ సంతకం చేసినాయన పేరేటి? మా క్లబ్బు గోడ మీద అందరి పేర్లూ రాస్తన్నాం" అన్నాడు. తెలీదన్నాను. ఎవరినైనా అడగమని చెప్పడానికి ఆ కాలం వాళ్ళెవరూ ఇక్కడ లేరు. సగంమంది ఇండియా ఓడలెక్కారు, సగంమంది కాటికెళ్ళారు.

అప్పటినుంచి నాకొక అలవాటు ఉంది. ఏ కాగితాన్నయినా చదవకుండా చింపను. మా కోడలు నవ్వుతుంది, కందిపప్పు తెచ్చిన కాగితం కూడా చదువుతావేంటత్తా అని. నవ్వనీ.

లెక్క మాత్రం ఇది. పోయినవి ఏడు పుస్తకాలు. తిరిగొచ్చినవి ముప్పైఎనిమిది కాగితాలు, అందులో ఆరు సగం చిరిగినవి. వాటిలో ఆటగాళ్ళ సంతకాల పేజీ ఒక్కటీ లేదు, నా తమ్ముడు అని తాత రాసిన చోటూ లేదు. ఆ తప్పు పదేళ్ళు నిండని పిల్లది, దాన్ని తాత ఆ రోజే కొట్టేశాడు. కొట్టెయ్యలేనిది ఇంకొకటుంది. ఆ తర్వాత ఆయన మా మేడమీద పదకొండేళ్ళు ఉన్నాడు. రోజుకి రెండుసార్లు మా కొట్టు ముందునుంచే మెట్లెక్కేవాడు. నీ తమ్ముడి పేరేటి తాతా అని నేను అడగలేదు.