ఆవిరి పట్టిన రిట్రాక్టర్

నరసరావుపేటలో ముప్పై నాలుగేళ్లు ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటుగా చేశాను. కత్తులు, కత్తెర్లు కడిగి, క్రిములు చావడానికి ఆవిరి పట్టి, డాక్టర్ల చేతికి అందించడం నా పని. రిటైరయ్యాక, భార్య కూడా పోయాక, నా డైరీలో రోజుకు రెండు పంక్తులకు మించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఎండ ఎంత, బీపీ మాత్ర వేసుకున్నానా లేదా, అంతే.

నిరుడు డాక్టరమ్మ కబురు చేసింది. ఒకప్పుడు మా థియేటర్లోనే పని నేర్చుకుంది, ఇప్పుడు సొంత ఆసుపత్రి నడుపుతోంది. గొంతు ఆపరేషన్లో కోసిన చర్మాన్ని పక్కకు లాగి పట్టే రిట్రాక్టర్ ఆమె నర్సు చిన్న చేతికి బరువవుతోందట. అందుకని ఆ చేతి కొలతకు తగ్గట్టు తేలికైన ప్లాస్టిక్‌ది ఇంజనీరింగ్ కాలేజీ త్రీడీ ప్రింటర్ మీద చేయిస్తోంది.

"మీ వేళ్లకు తెలిసినంత మాకు తెలీదు బాబాయ్. మంగళవారం మంగళవారం వచ్చి అంచులు చూసి పెట్టండి," అంది.

వచ్చిన ప్రతి ముక్క అంచునూ బొటనవేలితో తడిమి, గరుకు తగిలిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టేవాణ్ణి. ఆ ఒక్క రోజే ఎవరో ఒకరు నాతో మాట్లాడేవారు. మిగిలిన ఆరు రోజులూ దానికోసమే ఎదురుచూస్తూ గడిపేవాణ్ణి.

ఐదోది చక్కగా కుదిరింది. ఇక ఆపరేషన్లో వాడడమే అన్నారు. థియేటర్లోకి వెళ్లేది ఏదైనా ముందు ఆవిరి పట్టాలన్నది మా కాలపు పద్ధతి. ఎవరినీ అడక్కుండా గుడ్డలో చుట్టి, ఆవిరి పట్టే యంత్రం ఆటోక్లేవ్‌లో పెట్టాను. మూత తీసి చూస్తే అది మెలి తిరిగిపోయి ఉంది.

ఎవరూ చూడలేదు. ప్లాస్టిక్కే నాసిరకమని చెప్పేయొచ్చు. నిజం చెబితే ఇక రావద్దంటారేమోనని పావుగంట అక్కడే నిలబడ్డాను. చివరికి ట్రేలో పెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను.

అక్కడే ఉన్న నర్సు చూసి, "ఏంది తాతయ్యా, అప్పడం కాల్చుకొచ్చావా? దీనికోసం చానాసార్లు చెయ్యి కొలిపించుకున్నా!" అంది.

"తప్పు నాదేనమ్మా. ఆవిరి పట్టాను."

డాక్టరమ్మ నవ్వింది. "పోనీలే బాబాయ్. ఇది అంత వేడికి ఆగదు, గుంటూరు పంపి గ్యాసుతో శుద్ధి చేయించాలి. నేనే చెప్పాల్సింది. డిజైన్ ఉందిగా, సాయంత్రానికి ఇంకోటి వస్తుంది."

సాయంత్రానికి ఇంకోటి. ఒకే కత్తెరను ఇరవయ్యేళ్లు పదును చెడకుండా కాపాడుకున్నవాణ్ణి నేను. ఆమె కోప్పడి ఉంటేనే తేలిగ్గా ఉండేదేమో.

పై మంగళవారం వెళ్లేసరికి కొత్తవి సీలు వేసిన కవర్లలో ఉన్నాయి. అంచులు కాలేజీలోనే నున్నగా చేసి పంపుతున్నారట. వాడేదాకా కవరు తెరవకూడదు. "కూర్చో తాతయ్యా, టీ తాగు," అని నర్సు లోపలికి వెళ్లిపోయింది. రావద్దని ఎవరూ అనలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను.

ఆ తర్వాతి మంగళవారం ఆసుపత్రి పక్క మందుల షాపతను పలకరించాడు. "ఏంది పెద్దాయనా, డ్యూటీకేనా?"

"కాదబ్బాయ్, ఊరికే నడక," అని స్టేషన్ రోడ్డు వైపు తిరిగాను.