గట్లు తెంచే ఆట

మా కంపెనీకి ఏలూరులో ఒక ఫొటో స్టూడియో పైన రెండు గదులుండేవి. సెల్‌ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసేవాళ్లం. అప్పటి ఫోన్లు బటన్లవి, తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. కంపెనీ పెట్టినాయన అంతకుముందు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవారు, అందుకని అందరం సార్ అనేవాళ్లం. ఆయనది మండవల్లి దాటాక దోనె ఎక్కి వెళ్లాల్సిన కొల్లేటి లంక ఊరు. ప్రోగ్రాములు రాసే అతను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చేవాడు. బొమ్మలు గీసేది నేను.

మాది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం మీదికి పూలూ లతలూ ఎక్కించే ముందు వాటిని గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ ఒక్కో రంగు వేసి రాసుకుంటాం. ఆ పని నాకు చిన్నప్పుడే అబ్బింది. ఫోన్ తెర మీద బొమ్మ కూడా అలా గళ్లతో కట్టేదే. సార్ ఒకసారి తివాచీ కొనడానికి వచ్చి, నేను రాసిన నమూనా చూసి, తివాచీ సంగతి మర్చిపోయారు. "మాకు కావలసింది ఇదేనండీ" అన్నారు మా నాన్నతో. మగవాళ్ల ఆఫీసుకి పంపడమా అని నాన్న చాలా రోజులు తటపటాయించారు. సార్ మళ్లీ మళ్లీ వచ్చి ఒప్పించారు.

మా మొదటి ఆట దోనె మీద. గుర్రపుడెక్క మధ్యలోంచి దారి చేసుకుంటూ, వలలో పడ్డ చేపల్ని కొంగలు ఎత్తుకుపోకుండా ఒడ్డు చేరాలి. చేరితే ఒడ్డున చిన్న చిన్న మనుషులు చేతులు పైకెత్తి చప్పట్లు కొడతారు. ఆ మనుషులకి నేను పట్టుమని పది గళ్లు కూడా వాడలేదు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ ఆటని ఫోన్లలోకి ఎక్కించింది. జనం బాగా ఆడారు. ఏడాది తిరక్కుండా ఆ కంపెనీవాళ్లే మా కంపెనీని మొత్తంగా తీసుకుంటామన్నారు. ఇంకా మంచి ఆటలు చెయ్యొచ్చని సార్ సంతకం చేశారు. గదులు అవే, కుర్చీలు అవే. ఏం చెయ్యాలన్నది మాత్రం అప్పట్నుంచి మెయిల్లో వచ్చేది.

ఆ రోజుల్లోనే కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచడం మొదలుపెట్టారు. సరస్సు ఆక్రమణకి గురైందని, చెరువులు తీసేయాలని ప్రభుత్వం పొక్లెయిన్లు దించింది. సార్ వాళ్ల నాన్నగారి చెరువు కూడా పోయింది. ఊరు వెళ్లొచ్చిన రోజున ఆయన ప్యాంటు అంచున బురద ఎండి ఉండేది, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒక్కసారి మాత్రం అన్నారు: "కొల్లేరు కొల్లేరుగా ఉండాలన్నదీ నిజవే. మా వాళ్లు బతకాలన్నదీ నిజవే. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో నాకు తెలీదండీ."

ఒక ఉదయం ప్రోగ్రామరు వస్తూనే తలుపు గడియ వేశాడు. ఎప్పుడూ వెయ్యడు. మొహం పాలిపోయి ఉంది.

"బండిలో ఉంగుటూరు దగ్గర ఒకాయన ఆడుతుంటే చూశానండి. నా ఫోన్లోకి ఎక్కించుకొచ్చాను. సార్, ఇది చూడండి."

అది మా ఆటే. నా నీళ్లు, నా కొంగలు, నా గుర్రపుడెక్క. దోనె మాత్రం లేదు, దాని చోట పసుపుపచ్చ పొక్లెయిన్ ఉంది. అది గట్టుని కొడితే నీళ్లు ఎగదన్నుతాయి, చేపలు గాల్లోకి లేస్తాయి, పాయింట్లు పెరుగుతాయి. ఒడ్డున చప్పట్లు కొట్టే నా మనుషులు అదే చేతులెత్తిన బొమ్మలతో అటూ ఇటూ పరుగెడుతున్నారు. ఆట మొదట్లో మా పాత కంపెనీ పేరు, కింద ఏలూరు అని ఊరి పేరు.

సార్ అక్కడికక్కడే హైదరాబాద్‌కి ఫోన్ చేశారు. అవతలాయన గొంతు మాకూ వినిపించింది.

"టీవీలో రోజూ అదే కదండీ చూపిస్తున్నారు. జనం ఎగబడి ఆడుతున్నారు."

"మాతో ఒక్క మాట చెప్పలేదే?"

"హక్కులు మావి కదండీ."

"కనీసం మా ఊరి పేరు తీసెయ్యండి."

"చూద్దాం లెండి, తర్వాతి వెర్షన్‌లో."

ఆటలో ఏలూరు పేరు చూసి, చెరువులు పోయిన లంక ఊళ్లవాళ్లు మమ్మల్ని వెతుకుతున్నారని తెలిసింది. ఆ తర్వాత ఆఫీసు ఫోన్ మోగితే ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఎప్పుడైనా ఎత్తితే అవతల మాట ఉండేది కాదు, ఊపిరి ఒక్కటే వినిపించేది. నేను ఇంటి నుంచి వచ్చే దారి మార్చుకున్నాను. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే ముగ్గురం ఒకేసారి తలలెత్తేవాళ్లం. కింద స్టూడియోకి వచ్చినవాళ్లు కూడా పైకి చూసి ఏదో అనుకుంటున్నట్టే ఉండేది.

ఆ లంకలవాళ్లు ఒక మధ్యాహ్నం రానే వచ్చారు. సందులో చేపలు మోసే వ్యాన్లు ఆగిన చప్పుడు, తర్వాత కేకలు. మా బోర్డుకి రాయి తగిలి రేకు గణగణమంది. కరెంటు లేదు. ఫ్యాన్లు ఆగిన గదిలో కిందనుంచి ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. ప్రోగ్రామరు బల్లని తలుపుకి అడ్డం పెట్టాడు. నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను.

సార్ బల్ల జరిపి తలుపు తీశారు.

ముందున్న పెద్దాయన చెయ్యెత్తినవాడల్లా ఆగిపోయాడు. "నువ్వా? మీ నాన్న చెరువూ పోయింది కదరా! నువ్వు చేశావా ఈ పని?"

కొట్టి ఉంటే సార్ తట్టుకునేవారేమో. ఆ మాటకి తలుపు పట్టుకుని ఉండిపోయారు. మేం చేసింది దోనె ఆట అనీ, దాన్ని మార్చింది వేరేవాళ్లు అనీ చెప్పబోతే పెద్దాయన వినలేదు. "ఇక్కడ కాదు. రేపు ఊళ్లోకొచ్చి మీ నాన్న ఎదురుగా చెప్పు" అని దిగిపోయాడు.

మర్నాడు ప్రోగ్రామరు రాలేదు. వాళ్లింట్లో పంపించలేదట. నా అసలు బొమ్మలు చూపిస్తే నమ్ముతారేమోనని నేను వెళ్తానన్నాను. "మీరు రావద్దమ్మా" అన్నారు, చెప్పి వెళదామని మా ఇంటికొచ్చిన సార్. మా నాన్న మాత్రం చెప్పులు వేసుకుంటూ, "ఒక్కదాన్నే పంపనండీ, నేనూ వస్తాను" అన్నారు.

మండవల్లిలో బస్సు దిగి, ఒడ్డుదాకా ఆటోలో వెళ్లాం. దోనె నడిపేది సార్ మేనత్త కొడుకు. పలకరించలేదు. గట్లు పోయాక నీళ్లన్నీ ఒక్కటైపోయి ఎక్కడ లోతో ఎక్కడ మెరకో తెలియకుండా ఉంది. ఒడ్డు రెండు వైపులా కనబడని చోట అతను గెడ ఎత్తి దోనెలో అడ్డంగా పెట్టేశాడు. దోనె తనంతట తాను మెల్లగా తిరగసాగింది.

"ఇక్కడే మా చెరువుండేదండీ" అన్నాడు, మా ఎవరి వంకా చూడకుండా. "ఇప్పుడు దిగమంటే దిగుతారా?"

నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. నాకు ఈత రాదు, ఆయనకీ రాదు. నీళ్లు దోనె పక్కకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అరుద్దామన్నా వినేవాళ్లు లేరు.

"దింపాలంటే నన్ను దింపు బావా" అన్నారు సార్. "వాళ్లని ఒడ్డుకి చేర్చు."

అతను గెడ తీసుకున్నాడు. దోనె మళ్లీ ఊరి వైపు తిరిగింది.

సార్ ఇంటి ముందు ఊరంతా ఉంది. వాళ్ల నాన్నగారు అరుగు మీద కూర్చుని కొడుకు వైపు చూడలేదు. సార్ జరిగింది మొదటినుంచీ చెప్పారు. నేను గళ్ల కాగితాలు పరిచాను. దోనె, కొంగలు, చేపలు అన్నీ చూశారు. కొందరు నమ్మినట్టే ఉన్నారు. అంతలో ఒకావిడ ముందుకొచ్చి, "ఆ ఆట ఉన్న ఫోనేదీ, ఇలా ఇవ్వండి" అంది. సార్ ఆ ఆటని తన ఫోన్లోకీ ఎక్కించుకొచ్చారు, ఆ ఫోన్ ఇచ్చారు. ఆవిడ ఏ బటన్ నొక్కాలో అడిగి నొక్కింది. గట్టు తెగింది, నీళ్లు లేచాయి.

"ఈ చేతులెత్తినోళ్లు ఎవరమ్మా?"

"ఒడ్డున చప్పట్లు కొట్టేవాళ్లండీ" అన్నాను. "నేను అలా అనుకుని గీశాను."

ఆవిడ తెరని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. "మేం ఆ రోజు ఇలాగే నుంచున్నాం" అంది. "చేతులు పైకెత్తి, ఆపండి బాబూ అని."

ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. సార్ వాళ్ల నాన్నగారు అప్పటికి నోరు విప్పారు: "ఒరేయ్, ఆ ఆట ఆగిందాకా నువ్వీ గడప తొక్కకు."

తిరుగు దోనెలో సార్ ఏడ్చారు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒడ్డు వచ్చేదాకా తియ్యలేదు.

వారం తిరక్కముందే సార్ రాజీనామా పంపించేశారు. హైదరాబాద్‌వాళ్లు వచ్చి కంప్యూటర్లు పట్టుకెళ్లారు, గదులు ఖాళీ చేశారు. ప్రోగ్రామరుకి అక్కడ ఉద్యోగం ఇస్తే వెళ్లాడు. ఆట మాత్రం ఆగలేదు. తాకే తెరల ఫోన్లు వచ్చి, పాతవాటితో పాటు అన్ని పాత ఆటలూ కనుమరుగయ్యేదాకా ఎక్కడో ఎవరో ఆడుతూనే ఉన్నారు. నేను పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే పనిలో చేరాను. కొత్తవాళ్లు గదిలోకి వస్తే ఉలిక్కిపడి లేచి నిలబడే అలవాటు చాలా కాలం పోలేదు.

చాలా ఏళ్లకి తాడేపల్లిగూడెం స్టేషన్లో సార్ కనిపించారు. అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. జుట్టు నెరిసింది. నాన్నగారు ఎలా ఉన్నారని భయపడుతూనే అడిగాను.

"కబురు పెట్టారండీ" అన్నారు. "ఆ ఆట ఇప్పుడు ఏ ఫోన్లోనూ రాదంట, మా బావ వెళ్లి చెప్పాడు. వెళ్లాను. ఇంకో ఏడాది బతికారు."

బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. ఎవరో కొత్త కంపెనీ పెడుతూ తనని రమ్మంటున్నారని, బొమ్మలు గీసే మనిషి కావాలంటున్నారని చెప్పి, సార్ నా మొహంలోకి చూశారు.

"నేను రానండీ" అన్నాను.

"నేనూ వెళ్లట్లేదమ్మా" అన్నారు ఆయన.

బండి వచ్చింది. ఆయన నా సంచీ అందించి, బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు.